చన్నీళ్ళలో గుప్పెడు ఉప్పు

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒకప్పుడు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. వాళ్ళూ పోయారు. ఇప్పుడు ఊరందరికీ ఆమె చొక్కా అక్కే. అరవై మూడేళ్ళు వచ్చినా, మోకాళ్ళు అరిగిపోయినా, ఆ అక్కను పెద్దమ్మ చేసే సాహసం ఎవరూ చేయలేదు. ఎలా చేస్తారు, ఆ పేరు పాఠ్యపుస్తకంలో ఎక్కి కూర్చుంటే. నాలుగో తరగతి పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్ష రాస్తారు.

ఆ పాఠం ఏమిటో ముందు చెప్పేస్తాను. పాత సర్కారు రోజుల్లో ఆమె పెద్దాస్పత్రి లాండ్రీలో బట్టలుతికే మనిషి. ఆస్పత్రి బట్టలతోపాటు పసుపు మేడ దుప్పట్లు కూడా అక్కడికే వచ్చేవి. పసుపు మేడ అంటే రహస్య పోలీసుల ఆఫీసు. గోడల రంగును బట్టి జనం పెట్టుకున్న పేరది. లోపలికి వెళ్ళినవాళ్ళ సంగతి ఎవరూ అడిగేవారు కాదు. ఒకరోజు అక్కడి మూటలో ఒక తెల్ల చొక్కా వచ్చింది. రక్తం ఎండి అట్టలా బిగుసుకుపోయింది. అది ఒక బడిపంతులుది. ఆ పంతులు గుండె ఆగి చనిపోయాడని అంతకు ముందురోజే పేపర్లో వేయించారు. చొక్కాను ఆమె తొట్టిలో వేయలేదు. బట్టల కింద కడుపుకు చుట్టుకుని, గేటు దగ్గర సోదా చేసేవాడితో నవ్వుతూ మాట్లాడుతూనే బయటపడింది. పదకొండు రోజులు పెట్టె అడుగున దాచింది. తర్వాత ఉద్యమం మనిషి ఒకడు వచ్చి పట్టుకుపోయాడు. వాళ్ళు ఆ చొక్కాను కర్రకు కట్టి ఊరేగించారు. ఊరు ఊరంతా వీధిలోకొచ్చింది. మూడేళ్ళు తిరక్కుండా పాత సర్కారు పోయింది.

పాఠం అక్కడితో అయిపోతుంది. కింద ప్రశ్న ఉంటుంది: చొక్కా అక్క చొక్కాను ఎందుకు ఉతకలేదు? నాలుగు వాక్యాలలో రాయుము.

గెలిచిన రోజు సంగతి పుస్తకంలో లేదు గానీ ఆమెకు బాగా గుర్తు. జనం పసుపు మేడ గేట్లు తోసుకుని లోపలికి వెళ్ళారు. లోపల గదులన్నిటికీ గడియలు బయటి వైపునే ఉన్నాయి. వాటిని ఊడదీయడానికి పనిముట్లు చాలక, ఎవరి చేతికి ఏది దొరికితే దాంతో మొదలుపెట్టారు. ఆమె ఒక చెంచా కాడతో మరలు తిప్పింది. అరచెయ్యి పొక్కులెక్కినా వదల్లేదు. నలభై ఒక్క గడియలు వాకిట్లో కుప్ప పోశారు. చొక్కా పట్టుకుపోయినవాడు, తమ్ముడూ అని ఆమె పిలిచే మనిషి, కుర్చీ ఎక్కి మాట్లాడాడు. అప్పట్లో గడ్డం, తెగిన చెప్పులు, మూడు రోజులుగా తిండిలేని మొహం. "ఇక ఈ దేశంలో ఏ గదికీ బయట గడియ ఉండదు" అన్నాడు. ఆమె ఏడ్చింది. చాలామంది ఏడ్చారు.

మేడకు తెల్ల రంగు వేసి లైబ్రరీ చేశారు. రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత పై అంతస్తు కొన్నాళ్ళకోసం భద్రతా శాఖకు కావాలన్నారు. ఆ కొన్నాళ్ళు పద్నాలుగేళ్ళయింది. పుస్తకాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. దుప్పట్లు మాత్రం మళ్ళీ లాండ్రీకి రావడం మొదలుపెట్టాయి. తమ్ముడు ఇప్పుడు ఆ శాఖకు పెద్ద. గడ్డం తీసేశాడు, కొంచెం ఒళ్ళు చేశాడు.

ఒకసారి బండివాడు రాకపోతే మూట తేవడానికి ఆమే వెళ్ళింది. వసారాలో తలుపులకు కొత్త గడియలు కనిపించాయి. బయటి వైపే. మెరుస్తున్నాయి. స్టోరు గదులు కాబోలు అనుకుని వచ్చేసింది. స్టోరు గదికి బయటే కదా గడియ ఉండేది, లోపల ఉంటే సామాను వేసుకుంటుందా? దారంతా ఆ మాటే తనకు తాను చెప్పుకుంటూ నడిచింది. చూశారా, ఎవరైనా అడిగితే కదా అంతగా సంజాయిషీ చెప్పుకోవడం.

మనిషి చెడ్డది కాదు. కొత్త సర్కారు ఆమెను లాండ్రీకి పెద్దను చేసింది. ఆస్పత్రి వెనక రెండు గదుల క్వార్టరిచ్చింది, లోపలే కుళాయి. పోరాట కుటుంబం సర్టిఫికెట్టు మీద కూతురికి జననమరణాల ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఏటా గెలుపు రోజున మ్యూజియంలో పంతులి చొక్కా ఉన్న అద్దాల పెట్టె పక్కన నుంచోబెట్టి పిల్లలకు కథ చెప్పించేవాళ్ళు. లాండ్రీలో ఎవరైనా పని ఎగ్గొడితే ఉతికి ఆరేసేది. "నేనేమన్నా ఊరికే ఈ కుర్చీలో కూర్చున్నానా?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది.

ఆ మంగళవారం ఉదయం మేడ మూట విప్పింది. వార్డుల మూటలకు రంగు గుడ్డలు కడతారు. మేడ మూటకు మాత్రం ఒట్టి తాడు. దుప్పట్లు ఒక్కొక్కటే దులుపుతుంటే ఒకదాని మడతలోంచి ఖాకీ చొక్కా జారిపడింది. కాలరు నుంచి నడుము దాకా రక్తం. ఇంకా పూర్తిగా ఎండలేదు.

లాండ్రీలో రక్తం కొత్తేమీ కాదు, ఆపరేషన్ గది మూటల్లో రోజూ అదే. దానికో పద్ధతుంది. వేడినీళ్ళు తగలకూడదు, తగిలితే మరక జన్మలో వదలదు. చన్నీళ్ళు, గుప్పెడు ఉప్పు, గంటన్నర నానాలి. తర్వాత కడ్డీ సబ్బు పెట్టి అరచేత్తోనే రుద్దాలి, బ్రష్షు పెడితే మరక లోపలికి పోతుంది. కొత్తగా చేరిన ప్రతి ఆడపిల్లకూ ఆమే నేర్పేది. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. చొక్కా చేతిలో ఉండగానే రెండో చెయ్యి ఉప్పు డబ్బా మూత తీసేసింది.

తర్వాత ఆమె తనకు తాను చెప్పుకున్నది ఇదే: చేతులే చేసేశాయి, బుర్రకు తెలిసేలోపే అయిపోయింది అని. అది అబద్ధం. తొట్టి మీద ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగిన సంగతి ఆమెకు తెలుసు. పంతులి చొక్కా కళ్ళముందు మెదిలింది. ఆ వెంటనే, ఛ, అప్పుడు వాళ్ళు, ఇప్పుడు మనవాళ్ళు, ఏదో కారణం లేకుండా ఉండదు అనుకుంది. కూతురి ఉద్యోగం గుర్తొచ్చింది. కుళాయి గుర్తొచ్చింది. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలోనే. చెయ్యి వదిలేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

పోనీ అంతటితో వదిలిందా అంటే లేదు. మిగతావాళ్ళకు వేరే పని చెప్పి, ఆ చొక్కాను తనే రుద్దింది. రెండోసారి నానబెట్టింది. ఎండలో ఆరేసింది. ఇస్త్రీ చేసింది. పైనుంచి రెండో గుండీ ఖాకీది కాదు, తెల్లది, నీలం దారంతో కుట్టి ఉంది. ఇస్త్రీపెట్టె తగిలితే కరిగిపోయే రకం. దాని చుట్టూ జాగ్రత్తగా తిప్పింది. దుప్పట్లకు రసీదు ఉంటుంది గానీ చొక్కాకు లేదు గనక, మడతపెట్టి దిక్కులేని బట్టల అలమరలో పెట్టింది. నెలాఖరుకు ఆ అలమరలో మిగిలినవి చింపి తుడుపు గుడ్డలు చేస్తారు.

ఆ సాయంత్రం వచ్చిన పేపరు కూతురు చదివి వినిపించింది. బస్సుల సమ్మె నడిపిస్తున్న ఒక డ్రైవరును సోమవారం ప్రశ్నించడానికి పిలిపించారట. మంగళవారం పొద్దున్నే క్షేమంగా పంపేశారట. ఆ తర్వాత అతను ఎటో పరారయ్యాడట. "సమ్మెలూ వీళ్ళూను, మనం పడ్డ కష్టాలు వీళ్ళు పడితే తెలిసేది" అంది కూతురు. తల్లి తలనొప్పిగా ఉందని పడుకుంది.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు లాండ్రీ గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. ముప్పై దాటి ఉండవు. చెప్పులు బయటే విడిచి, లోపలికి రావచ్చో లేదోనన్నట్టు చూస్తోంది.

"మీరే కదా చొక్కా అక్క? మా అబ్బాయి పుస్తకంలో మీ బొమ్మ ఉంది."

"రామ్మా, ఏం కావాలి?"

"మా ఆయన బస్సు డ్రైవరు అక్కా. పోయినవారం సోమవారం మేడకి తీసుకెళ్ళారు. మర్నాడే పంపేశామంటున్నారు. పంపేస్తే ఇంటికి రాడా? చిల్లర పని మీద బజారుకెళ్ళినా చెప్పి వెళ్ళే మనిషి. అసలు ఆయన ఒంటి మీద చెయ్యే వేయలేదంటున్నారు. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే సాక్ష్యం ఏమైనా ఉంటే తెమ్మన్నారు. నా దగ్గర ఏముంటుంది?"

చొక్కా అక్క చేతిలోని దుప్పటిని సగం మడతలోనే పక్కన పెట్టింది.

"మేడ బట్టలు మీ దగ్గరికే వస్తాయట కదా. ఖాకీ చొక్కా. రెండో గుండీ తెల్లది. ఊడిపోతే నేనే కుట్టాను, ఇంట్లో నీలం దారమే ఉంది. ఆయన బస్సులో అందరూ నవ్వుతారని గొణిగాడు కూడా." ఆమె కొంచెం నవ్వబోయి మానేసింది. "మా అత్త చెప్పింది. ఆ అక్క దగ్గరికి వెళ్ళు, రక్తం ఉన్న చొక్కా ఆమె చేతికొస్తే ఉతకదు అని."

అలమర చొక్కా అక్క వీపు వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

"రాలేదమ్మా" అంది.

"సరే అక్కా. వస్తే దాచండి. మీకు నేను చెప్పాలా" అని డ్రైవరు భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ చొక్కాను రుద్దిన చేతులే అవి. తర్వాత చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఎవరైనా తిడితే తట్టుకోవచ్చు. నమ్మి చేతులు పట్టుకుంటే ఏం చేస్తాం? ఆ రోజంతా ఆమె నవ్వుతూ పలకరించినవాళ్ళ మొహం చూడలేకపోయింది. ఇంటికి వెళ్ళి కూతురికి అంతా చెప్పేసింది.

కూతురు చాలాసేపు టేబులు మీది గుడ్డ సర్దుతూ కూర్చుంది. చెడ్డ పిల్లేం కాదు, భయస్తురాలు.

"ఎవరైనా అడిగారా నిన్ను? లేదు కదా. నువ్వే ఎందుకు తవ్వుకుంటావు?"

"ఆ అమ్మాయి అడిగిందే."

"రాలేదన్నావుగా. అయిపోయింది. అమ్మా, నా ఉద్యోగం నీ పేరు మీద ఉంది. ఈ ఇల్లు నీ పేరు మీద ఉంది. నీ పేరేమో ఆ చొక్కా మీద ఉంది. కాస్త ఆలోచించుకో."

"అదే ఆలోచిస్తున్నా" అంది తల్లి.

మర్నాడు తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వాడికి తెలియకుండా కింద కుర్రాళ్ళెవరో చేసి ఉంటారని ఒక ఆశ. చెప్తే వాడు లేచి టేబులు మీద గుద్ది, ఎవడ్రా ఈ పని చేసింది అంటాడని ఒక ఆశ. మెట్లెక్కుతూ ఆ మాటలు వాడి గొంతుతోనే ఊహించుకుంది. వసారాలో గడియలున్న తలుపుల వైపు చూడకుండా నడిచింది.

తమ్ముడు లేచి ఎదురొచ్చాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. గోడ మీద పెద్ద ఫోటో ఉంది. కర్రకు కట్టిన చొక్కా, కింద జనం, మధ్యలో గడ్డంతో వాడే.

"శుక్రవారం మ్యూజియానికి కారు పంపిస్తానక్కా. ఈసారి మంత్రి గారు వస్తున్నారు. ఆ కడుపుకు చుట్టుకున్న ముక్క బాగా చెప్పు, అది ఆయనకిష్టం."

"డ్రైవరు సంగతేంటి తమ్ముడూ?"

"ఏ డ్రైవరు?" అన్నాడు. ఆమె జవాబివ్వకుండా చూస్తూ కూర్చుంటే తనే అందుకున్నాడు. "చూడక్కా, బస్సులు ఆగితే నీ ఆస్పత్రికి మందులే రావు. వాళ్ళ వెనక ఎవరున్నారో నీకు తెలీదు."

"పంతులు వెనక కూడా ఎవరో ఉన్నారనేవాళ్ళు అప్పట్లో."

"నీ నోరు మాత్రం మారలేదు" అని నవ్వాడు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది సరే గానీ, మా కుర్రాళ్ళు ఒట్టి తలతిక్క వెధవలు. పోయినవారం మూటలో పొరపాటున ఏమైనా వచ్చిందా నీకు?"

అంటే వాడికి తెలుసు. ఆమె పట్టుకున్న ఆశ అక్కడే తెగిపోయింది.

"వచ్చింది" అంది. "ఉతికేశాను."

తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలాడు. భుజాలు దిగాయి. "ఇప్పుడెక్కడుంది?"

"దిక్కులేని బట్టల్లో. నెలాఖరుకు గుడ్డ పేలికలైపోతుంది."

"మంచి పని చేశావక్కా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. "నువ్వెప్పటికీ మన మనిషివే. మరొకరైతే కంగారుపడి ఏం చేసేవాళ్ళో."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఆ మాట వాడి నోట చాలాసార్లు విన్నది, విన్న ప్రతిసారీ పొంగిపోయింది. పంతులి చొక్కా వాడి చేతికిచ్చిన రోజున కూడా ఇదే గొంతుతో, ఇలాగే, మంచి పని చేశావక్కా అన్నాడు. అప్పుడు ఉతకనందుకు, ఇప్పుడు ఉతికినందుకు. టీ సగం తాగి వదిలేసి లేచింది. దిగుతూ దిగుతూ ఆ వసారా తలుపులన్నీ ఒక్కొక్కటే చూసింది. ఈసారి స్టోరు గదులని అనుకోలేదు.

లాండ్రీకి వెళ్ళి అలమర తీసింది. చొక్కాను కాగితంలో చుట్టింది. మరక ఎక్కడైనా మిగిలిందేమోనని అంతకు ముందే కాలరు మడత విప్పి చూసింది, గుండీల పట్టీ లోపల చూసింది, చంకల కుట్లు చూసింది. జీవితంలో మొదటిసారి, ఒక్క మరక మిగిలి ఉంటే బాగుండునని వెతికింది. ఏమీ లేదు.

బస్సు డిపో వెనక వరసగదుల్లో డ్రైవరు ఇల్లు. భార్య తలుపు తీసింది. మంచం మీద అత్తగారు కూర్చుని ఉంది. కాగితం పొట్లం చూడగానే డ్రైవరు భార్య మొహం మారిపోయింది.

"దొరికిందా అక్కా? దాచారా?" అని లాక్కున్నంత పని చేసింది. "అత్తా, నేను చెప్పలేదూ, ఈ అక్క దాచే ఉంటుందని."

కాగితం విప్పింది. గీత గీసినట్టు మడతలు. తెల్లగుండీ, నీలం దారం. డ్రైవరు భార్య దాన్ని రెండు చేతులతో ఎత్తి మొహానికి ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది. మళ్ళీ తీసి కాలరు దగ్గర పీల్చింది, చంక దగ్గర పీల్చింది.

"సబ్బు వాసన వస్తోంది" అంది. "ఆయన వాసన లేదు అక్కా ఇందులో."

చొక్కా అక్క ఒక్క ఊపున చెప్పేసింది. "నేనే ఉతికానమ్మా. మీద రక్తం ఉంది. చూసే ఉతికాను. నిన్న నువ్వొచ్చినప్పుడు రాలేదని చెప్పాను, అదీ అబద్ధమే. అప్పుడు నా వెనక అలమరలోనే ఉంది."

అత్తగారే ముందు నోరు విప్పింది. "నీ బొమ్మ చూపించి మా మనవడికి పాఠం చెప్పానే నేను. ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"ఏ మొహమూ లేదమ్మా. ఊరికే వచ్చాను."

డ్రైవరు భార్య తిట్టలేదు. తిడితే బాగుండేది. చొక్కాను మళ్ళీ అవే మడతల్లో పెట్టాలని చూస్తోంది, కుదరడం లేదు. "దీన్ని పట్టుకెళ్తే ఏమంటారు? శుభ్రంగానే ఉంది కదా అంటారు. ఇది ఒక్కటే ఉంది అక్కా నాకు. ఇంకేం లేదు."

"దాని మీద ఇప్పుడేం లేదు. ఏముండేదో నేను చెప్తాను. ఎక్కడ ఎంత ఉందో నాకు తెలుసు. పద, మేజిస్ట్రేటు దగ్గరికి."

"మీరు చెప్తారా?"

"చెప్తాను. ఉతికినదాన్ని నేనే కదా."

దారిలో డ్రైవరు భార్య రెండడుగులు ముందే నడిచింది. చొక్కా అక్క ఆ దూరం తగ్గించాలని చూడలేదు, తనకు తగినదే అనుకుంది. కూతురికి ఇంకా చెప్పలేదు. సాయంత్రం కూతురి ఎదురుగా కూర్చుని చెప్పాలి, అది ఇంతకన్నా కష్టం అనుకుంది. శుక్రవారం కారు రాదు. నెల తిరిగేలోపు క్వార్టరు తాళం అడుగుతారు.

మేజిస్ట్రేటు ఆఫీసులో వాంగ్మూలాలు రాసుకునే గుమస్తా ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. "చొక్కా అక్కా, మీరా? కూర్చోండి, కూర్చోండి. మా పాపకు నిన్ననే మీ పాఠం అయింది."

"నుంచుంటాను బాబూ. రాసుకో."

గుమస్తా కాగితం తీసి తేదీ వేశాడు. ఏ మూటలో వచ్చిందో, ఏ రోజు వచ్చిందో, గుండీ ఏ రంగుదో, రక్తం కాలరు నుంచి ఎంత దూరం పాకిందో ఆమె చెబుతుంటే గబగబా రాశాడు. "తర్వాత మీరేం చేశారు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. కలం ఆగింది. తలెత్తి చూశాడు. డ్రైవరు భార్య వైపు, ఆమె ఒళ్ళోని చొక్కా వైపు చూశాడు.

"ఇది రాయమంటారా అక్కా?"

"రాయి బాబూ. చన్నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి గంటన్నర నానబెట్టాను. అరచేత్తో రుద్దాను. రెండోసారి నానబెట్టాను. ఎండలో ఆరేసి ఇస్త్రీ చేశాను. మ్యూజియంలో ఆ పంతులి చొక్కా పక్కన నా ఫోటో ఉంది, అదీ నేనే. ఇదీ నేనే."

"మరక పోయిందా?" అది అడగాల్సిన ప్రశ్నో కాదో తెలియక నెమ్మదిగా అడిగాడు.

"పోయింది" అంది ఆమె. తల వంచుకునే చెప్పింది. "చుక్క మిగల్లేదు. నేను ఉతికితే మిగలదు."

గుమస్తా అది కూడా రాసుకున్నాడు.